ఎంజీబీకి ఏ ఇంజిన్: ఉన్నదే బాగుచేయించడమా, వేరేది బిగించడమా

ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 అక్టోబరు దాకా అయిదు లక్షలకు పైగా తయారైన ఎంజీబీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో ఇప్పటికీ తేలిగ్గా దొరికేదీ, విడిభాగాలకు లోటు లేనిదీ కావడం వల్ల, ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చేవారు తరచుగా మొదట కొనేది ఈ కారునే. కొన్న కొంతకాలానికి చాలామందికి ఒకటే సమస్య ఎదురవుతుంది: ఇంజిన్ నీలం పొగ వదులుతుంది, ఎత్తులు ఎక్కేటప్పుడు పికప్ చాలదనిపిస్తుంది, రహదారిపై వెళ్తుంటే పక్కవారి మాట వినపడనంత చప్పుడు చేస్తుంది. ఎలాగూ ఇంజిన్ దించక తప్పదన్నప్పుడు దాన్నే బాగుచేయించి మళ్ళీ ఎక్కించాలా, లేక మరింత శక్తిగల ఇంజిన్‌ను ఆ చోట కూర్చోబెట్టాలా అన్న ఆలోచన సహజంగానే వస్తుంది.

ఆ దారులను ఒకదానితో ఒకటి పోల్చి చూపించడం ఈ వ్యాసం పని. నా మొగ్గు ఎటువైపో ముందే చెప్పేస్తాను. ఇంజిన్ మార్చాలనుకునేవారిలో ఎక్కువమందికి నిజంగా కావలసింది వేరే ఇంజిన్ కాదు. ఉన్న ఇంజిన్‌కు నికార్సయిన ఓవర్‌హాలింగ్, దాని వెనక ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు పై గేరు లాంటి ఏర్పాటు) పనిచేసే గేర్‌బాక్సు ఉంటే వారి ఫిర్యాదుల్లో చాలా వరకు తీరిపోతాయి. ఆ తర్వాత కూడా శక్తి చాలదనిపించేవారికి మంచి దారులు లేకపోలేదు గానీ, వాటిలో ఇంజిన్ ధర అనేది మొత్తం ఖర్చులో చిన్న భాగమేనని మొదటే గ్రహించాలి.

ముందుగా ఉన్న ఇంజిన్ పరీక్ష

విడిభాగాల జాబితాలు తిరగేసే ముందు ఒక పూట ఉన్న ఇంజిన్ కోసం కేటాయించాలి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు లోపల వచ్చే పీడనం) చూసి, అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో లేదో గమనించాలి. ఏదైనా సిలిండర్‌లో తక్కువ వస్తే స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. అంకె పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉన్నట్టు, పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉన్నట్టు అర్థం. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో ఒకేసారి తక్కువ కనబడితే ఆ రెంటి మధ్య గ్యాస్కెట్ పోయిందని ముందుగా అనుమానించాలి. దానికి ఇంజిన్ మొత్తం దించనవసరం లేదు. వేడి ఇంజిన్‌లో, పరుగు మీద ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్‌ఐకి తగ్గకుండా నిలుస్తుంటే బేరింగుల గురించి అప్పుడే దిగులు పడనక్కరలేదు.

మరొక పరీక్షకు పనిముట్లేమీ అక్కరలేదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఒకరు సీట్లో కూర్చుని క్లచ్ పెడల్‌ను నొక్కుతూ వదులుతూ ఉండగా మరొకరు బానెట్ ఎత్తి క్రాంక్‌షాఫ్ట్ ముందు చివర ఉన్న పుల్లీని చూడాలి. పెడల్ నొక్కిన ప్రతిసారీ పుల్లీ ముందుకు జరగడం కంటికి స్పష్టంగా కనిపిస్తే క్రాంకును ముందుకూ వెనక్కూ జరగనివ్వని థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయని, ఇక ఆ ఇంజిన్‌ను నడుపుతూ పోవడం క్రాంకుకు, బ్లాకుకు కూడా చేటని గుర్తించాలి. ఈ కారులో క్లచ్ ప్లేటు మార్చాలన్నా ఇంజిన్ బయటికి రావలసిందే కాబట్టి, ఏదో ఒక సందర్భంలో ఇంజిన్ దించినప్పుడే ఇలాంటివన్నీ చూసుకోవడం తెలివైన పని.

రహదారిపై చప్పుడు అనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇంజిన్‌లో ఉండదు. ఎంజీబీ వెనక ఇరుసు నిష్పత్తి 3.909. దీనివల్ల ఓవర్‌డ్రైవ్ లేని కారు నాలుగో గేరులో గంటకు 70 మైళ్ళు, అంటే 112 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఇంజిన్ దాదాపు 3,900 ఆర్‌పీఎం వద్ద తిరుగుతూ ఉంటుంది. ఈ కార్లకు వచ్చే లేకాక్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ పనిచేస్తే అదే వేగంలో అది 3,200కు దిగుతుంది. తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. ఓవర్‌డ్రైవ్ ఉండీ పనిచేయని కార్లు కూడా కొల్లలు. వాటిలో లోపం చాలాసార్లు తీగలోనో స్విచ్చులోనో సోలనాయిడ్‌లోనో ఉంటుంది.

అసలు ఇంజిన్‌కు ఓవర్‌హాలింగ్

తెలుగు పాఠకులకు ఈ ఇంజిన్ పరాయిది కాదు. మన రోడ్లపై దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ రెండూ బ్రిటిష్ సంస్థ బీఎంసీ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందినవే. రెండింటిలోనూ స్ట్రోక్ 88.9 మిల్లీమీటర్లే, బోరు మాత్రం అక్కడ 73 మిల్లీమీటర్లు, ఇక్కడ 80.26. అంబాసిడర్ ట్యాపెట్లు సరిచేయడం చూసి పెరిగినవారికి ఎంజీబీ వాల్వ్ కవర్ విప్పితే అంతా తెలిసిన సరంజామాలాగే కనిపిస్తుంది. అంతమాత్రాన ఆ పిస్టన్లు దీనికి పడతాయని అనుకోకూడదు.

మొదటి రెండేళ్ళ కార్లలో క్రాంక్‌కు మూడు మెయిన్ బేరింగులే ఉండేవి. 1964 చివరి నుంచి అయిదు బేరింగుల ఇంజిన్ వచ్చింది. రెండోది మొరటుగా, గట్టిగా ఉంటుంది, ఎక్కువ భారం మోస్తుంది. మొదటిది కాస్త చురుగ్గా, నునుపుగా తిరుగుతుందని దాని అభిమానులంటారు. తొలినాటి కారులో అసలు మూడు బేరింగుల ఇంజిన్ ఉంటే దాన్ని కాపాడుకోవడమే మంచిది, ఎందుకంటే ఆ కారు విలువలో ఆ ఇంజిన్‌కు వాటా ఉంది. అమెరికాకు వెళ్ళిన చివరి కార్ల సంగతి వేరు. 1975 ప్రాంతం నుంచి వాటిలో జంట ఎస్‌యూ కార్బురేటర్లు తీసేసి ఒకే జెనిత్-స్ట్రామ్‌బర్గ్ కార్బురేటర్ పెట్టారు, కంప్రెషన్ తగ్గించారు, కాలుష్య నియంత్రణ సామగ్రి తగిలించారు. దాంతో తొలినాళ్ళలో 95 హెచ్‌పీ అని ప్రకటించిన ఇంజిన్ చివరికి 63 హెచ్‌పీ దగ్గర ఆగింది, కొలిచే పద్ధతులు వేరైనా ఆ పతనం నిజమే. అలాంటి కారు కొన్నవారు 'ఎంజీబీకి శక్తి లేదు' అని తీర్పు చెప్పడం ఇంజిన్‌కు అన్యాయం. చట్టం అనుమతించే చోట జంట ఎస్‌యూలు, సరైన కంప్రెషన్, మంచి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తిరిగి అమర్చితే అదే బ్లాకు కొత్త ప్రాణం పోసుకుంటుంది.

ఓవర్‌హాలింగ్ అంటే రింగులు, బేరింగులు మార్చి మూత బిగించడం కాదు. బోరు అరిగి ఉంటే లేత్ షాపులో బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. అంగుళంలో వెయ్యింట 60 వంతుల ఓవర్‌సైజుతో ఇంజిన్ 1868 సీసీ అవుతుంది, అంతకు మించి 1950 సీసీ దాకా వెళ్ళేవారూ ఉన్నారు. ఇందులో సిలిండర్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండటం వల్ల పెద్ద బోరుకు వెళ్ళే ముందు గోడల మందం అల్ట్రాసౌండ్‌తో కొలిపించడం తప్పనిసరి. హెడ్డు మీద పెట్టే ఖర్చు మాత్రం ఎప్పుడూ వృథా కాదు. నాలుగు సిలిండర్లకు గాలి రెండే ఇన్‌లెట్ పోర్టుల ద్వారా, వాడిన వాయువు మూడే ఎగ్జాస్ట్ పోర్టుల ద్వారా పోవలసి ఉండటం ఈ ఇంజిన్‌కు పుట్టుకతో వచ్చిన పరిమితి. పోర్టులను నైపుణ్యంతో నునుపు చేయించినా, క్రాస్‌ఫ్లో (ఒకవైపు ఇన్‌లెట్, మరోవైపు ఎగ్జాస్ట్ ఉండే) అల్యూమినియం హెడ్డు తెచ్చుకున్నా తేడా తెలుస్తుంది. సీసం లేని పెట్రోల్‌కు తట్టుకునేలా ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లకు గట్టి లోహపు ఇన్సర్టులు వేయించడం ఈ సమయంలోనే జరగాలి. ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఇప్పుడు బ్రిటన్‌లోనూ మనదేశంలోనూ మామూలైపోయింది కాబట్టి, ఇంధన గొట్టాలు కూడా అందుకు తగినవే వాడాలి.

కొత్త క్యామ్‌షాఫ్ట్ వేస్తే మొదటి ఇరవై నిమిషాలు ముఖ్యం. మొదటిసారి ఇంజిన్ అంటుకున్న వెంటనే దాన్ని ఐడిల్‌లో వదలకుండా 2,000 ఆర్‌పీఎంకు పైనే నడిపించాలి, జింక్ ఉన్న 20డబ్ల్యూ-50 ఆయిల్ వాడాలి. లేకపోతే క్యామ్ లోబులు, ట్యాపెట్లు ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇగ్నిషన్ టైమింగ్, ఆయిల్, నీళ్ళు అన్నీ సరిచూసుకోకుండా తొలిసారి స్టార్ట్ చేసేందుకు తొందరపడేవారు ఇక్కడే దెబ్బతింటారు.

గేర్‌బాక్సు: పక్కన పెట్టకూడని లెక్క

పాత నాలుగు గేర్ల బాక్సును తీసేసి ఫోర్డ్ టైప్ 9 అయిదు గేర్ల బాక్సునో, మాజ్దా ఎంఎక్స్-5 కారు బాక్సునో ఎడాప్టర్ బెల్‌హౌసింగ్‌తో అసలు ఇంజిన్‌కే తగిలించే కిట్లు దొరుకుతున్నాయి. గేరు మార్చడం నునుపుగా ఉంటుంది, 1967 చివరి వరకు వచ్చిన కార్లలో మొదటి గేరుకు లేని సింక్రోమెష్ కూడా కలిసివస్తుంది. అయితే ఒక్క విషయం గమనించాలి: ఈ రెండు బాక్సుల్లోనూ అయిదో గేరు నిష్పత్తి 0.82 దరిదాపుల్లోనే ఉంది, లేకాక్ ఓవర్‌డ్రైవ్ ఇచ్చేదీ అంతే. కాబట్టి పనిచేసే ఓవర్‌డ్రైవ్ ఇప్పటికే ఉన్నవారు రహదారి మీద ఇంజిన్ ఇంకా నెమ్మదిగా తిరుగుతుందన్న ఆశతో అయిదు గేర్ల బాక్సు కొంటే నిరాశే మిగులుతుంది. ఓవర్‌డ్రైవ్ లేనివారికి మాత్రం ఇంజిన్ మార్పిడి కంటే ముందు ఆలోచించవలసింది ఇదే.

రోవర్ వీ8

శక్తి కావాలన్నదే అసలు ఉద్దేశమైతే నా మొదటి సిఫార్సు రోవర్ వీ8 (సిలిండర్లు వీ ఆకారంలో ఉండే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), కారణం ఈ పని కర్మాగారమే చేసి చూపించింది. ఇది పుట్టింది అమెరికాలో, బ్యూయిక్ వారి 215 ఘనపుటంగుళాల అల్యూమినియం ఇంజిన్‌గా. 1960ల మధ్యలో దాని హక్కులు రోవర్ సంస్థకు వచ్చాయి. కెన్ కోస్టెల్లో అనే ఆయన 1970ల ఆరంభంలో దీన్ని ఎంజీబీలో బిగించి అమ్మడం మొదలుపెట్టాక, 1973లో బ్రిటిష్ లేలాండ్ సొంతంగా ఎంజీబీ జీటీ (మూసిన కప్పు రకం) వీ8ను విడుదల చేసింది. 1976లో ఆపేసేలోపు 2,591 కార్లు తయారయ్యాయి. 3528 సీసీ, 137 హెచ్‌పీ, 193 పౌండ్-అడుగుల టార్క్. మామూలు ఎంజీబీకి టార్క్ 110. నిశ్చల స్థితి నుంచి 60 మైళ్ళ వేగం అందుకోవడానికి మామూలు కారుకు పన్నెండు సెకన్ల దాకా పడితే దీనికి ఎనిమిదిన్నర చాలు.

దీనికి పక్కన ఎంజీసీని నిలబెట్టి చూడాలి. 1967లో 2912 సీసీ ఆరు సిలిండర్ల పోతయినుప ఇంజిన్‌ను ఇదే శరీరంలో పెట్టినప్పుడు ముందు భాగం మీద 90 కిలోలకు పైగా అదనపు బరువు పడింది. మలుపుల్లో ముందు చక్రాలు తిరగనని మొండికేస్తున్నాయని విమర్శకులు తేల్చేశారు, రెండేళ్ళలో ఆ కారు ఆగిపోయింది. వీ8 ఎనిమిది సిలిండర్లదైనా అల్యూమినియంది కావడం వల్ల అసలు నాలుగు సిలిండర్ల ఇంజిన్ కంటే ఇరవై కిలోల లోపే ఎక్కువ తూగుతుంది. ఏ ఇంజిన్‌ను ఎంచుకుంటున్నా హెచ్‌పీ అంకె చూసే ముందు బరువు అంకె చూడమని నేను అనడానికి ఈ రెండు కార్లే ఆధారం.

ఏ సంవత్సరపు కారు మీ చేతిలో ఉందన్నదాని బట్టి పని కష్టం మారుతుంది. 1974 చివర్లో రబ్బరు బంపర్లు వచ్చినప్పటి నుంచి ఇంజిన్ గదిని వీ8కు కూడా సరిపోయేలా తీర్చారు, స్టీరింగ్ కాలమ్ కోణం కూడా మారింది. అందుకే చూడ్డానికి అంతగా నచ్చని ఆ కార్లే ఈ పనికి అనువైనవి. అంతకు ముందరి క్రోమ్ బంపర్ కార్లలో రేడియేటర్‌ను ముందుకు జరపడానికి రేకు కోయాలి, కుడివైపు సిలిండర్ వరుస ఎగ్జాస్ట్ సరిగ్గా స్టీరింగ్ కాలమ్ వెళ్ళే దారిలోనే దిగుతుంది. దీనికి తరువాత దొరికిన చక్కటి ఉపాయం 1993లో వచ్చిన ఎంజీ ఆర్‌వీ8 కారులో కనిపిస్తుంది: ఎగ్జాస్ట్ గొట్టాలను ఇంజిన్ గది పక్క రేకులకు రంధ్రాలు చేసి చక్రాల వైపుగా బయటికి తీశారు. ఎత్తు కూడా ఇబ్బందే. కోస్టెల్లో కార్లకు బానెట్ మీద ఉబ్బు పెట్టవలసి వచ్చింది. కర్మాగారం వారు కార్బురేటర్లను ఇంజిన్ వెనక్కి జరిపే ప్రత్యేక మానిఫోల్డ్ చేసి మామూలు బానెట్ కిందే సర్దారు. రేంజ్ రోవర్ నుంచో రోవర్ ఎస్‌డీ1 నుంచో తెచ్చిన ఇంజెక్షన్ సామగ్రిని ఉన్నదున్నట్టు బిగిస్తే బానెట్ మూతపడదు.

పాత ఇంజిన్ కొనేటప్పుడు 3.5 లీటర్లదా, 3.9దా, 4.6దా అన్న ఎంపిక ఉంటుంది. 4.6 మీద ఆశ పడనివారుండరు గానీ, 4.0, 4.6 లీటర్ల ఇంజిన్లలో లైనర్లు (సిలిండర్ల లోపలి గొట్టాలు) కదలడం, వాటి వెనక బ్లాకు పగిలి నీళ్ళు కారడం తెలిసిన జబ్బులు. పైన అంచు ఉన్న లైనర్లు వేయించిన బ్లాకు అయితేనే దాన్ని నమ్మాలి. సాధారణ వాడకానికి శుభ్రంగా ఓవర్‌హాలింగ్ చేసిన 3.5 లేదా 3.9 సరిపోతుందని నా నమ్మకం. ఆయిల్ మార్చకుండా నడిపిన ఇంజిన్లలో క్యామ్, హైడ్రాలిక్ లిఫ్టర్లు అరిగిపోయి ఉంటాయి, కాబట్టి 'బాగా నడుస్తోంది' అన్న అమ్మకందారు మాట మీద ఆధారపడకుండా వాటిని కొత్తవి వేయించడమే శ్రేయస్కరం.

ఇంజిన్‌తో ఖర్చు ఆగదు. దానికి తగిన రోవర్ ఎల్‌టీ77 లేదా ఆర్380 గేర్‌బాక్సు కావాలి, 1967 చివరికి ముందరి కారైతే గేర్‌బాక్సు మీద సన్నగా ఉండే టన్నెల్‌ను వెడల్పు చేయాలి. 3.9 ఇరుసుతో వీ8 వృథాగా అరుస్తుంది, కర్మాగారం 3.07 ఇరుసు వాడింది, ఓవర్‌డ్రైవ్‌తో 70 మైళ్ళ వేగంలో ఇంజిన్ 2,500 ఆర్‌పీఎం దగ్గర హాయిగా తిరిగేది. ముందు బ్రేకులు పెద్దవి కావాలి, రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్లు కొత్తవి కావాలి, వెనక స్ప్రింగులు, డ్యాంపర్లు చూసుకోవాలి. ఇవన్నీ కలిపితే సొంత ఇంజిన్ ఓవర్‌హాలింగ్‌కు అయ్యేదానికి రెండు మూడు రెట్లు తేలిగ్గా దాటుతుంది. ఆ లెక్క వేసుకున్నాక కూడా కావాలనిపిస్తే నిశ్చింతగా చేయించవచ్చు. ఎంజీబీకి ఇంతకంటే నప్పే మార్పిడి మరొకటి లేదు.

కొత్త తరం నాలుగు సిలిండర్ల ఇంజిన్లు

ఫోర్డ్ జెటెక్, ఫోర్డ్ డ్యూరాటెక్, మాజ్దా ఎంఎక్స్-5 ఇంజిన్లు, రోవర్ కె-సిరీస్ ఈ కోవలోకి వస్తాయి. ఉదయం తాళం తిప్పగానే అంటుకునే నమ్మకం, ఇంధన పొదుపు, తక్కువ బరువు వీటి బలం. కె-సిరీస్ తర్వాతి ఎంజీ స్పోర్ట్స్ కారైన ఎంజీఎఫ్‌లో నడిచింది కాబట్టి వంశం కలుస్తుందని వాదించేవారుంటారు. హెడ్ గ్యాస్కెట్ విషయంలో దానికున్న పేరు తెలిసి కూడా కావాలని కోరుకునేవారికి నేను అడ్డు చెప్పను గానీ సిఫార్సు మాత్రం చేయను.

మిగిలినవాటిలో నాకు మాజ్దా దారే మేలనిపిస్తుంది. ఫోర్డ్ ఇంజిన్లు దొరికే ఫోకస్, మాండియో లాంటి కార్లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. దాన్ని ఎంజీబీలో నిలువుగా (కారు పొడవు దిశలో) కూర్చోబెట్టాలంటే సంపు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), నీటి గొట్టాలు, మానిఫోల్డ్, ఫ్లైవీల్, బెల్‌హౌసింగ్ అన్నీ వేరుగా సమకూర్చుకోవాలి. ఎంఎక్స్-5లో ఇంజిన్ మొదటి నుంచీ నిలువుగానే ఉంటుంది, వెనక చక్రాలనే తిప్పుతుంది. శరీరం తుప్పు పట్టి రోడ్డు యోగ్యత పరీక్షలో తప్పిన ఎంఎక్స్-5ను మొత్తంగా కొంటే ఇంజిన్, గేర్‌బాక్సు, వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరు), సెన్సర్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. 2005 తర్వాతి తరం రెండు లీటర్ల ఇంజిన్ డ్యూరాటెక్‌కు సోదరే. 160 హెచ్‌పీ చుట్టూ ఇస్తుంది, బ్లాకు కూడా అల్యూమినియమే. ఒక టన్ను కూడా తూగని రోడ్‌స్టర్‌కు అది చాలినంత కంటే ఎక్కువ.

కష్టాలు ఇంజిన్ బిగించే చోట కాక చుట్టుపక్కల ఎదురవుతాయి. అసలు ఎంజీబీ ఇంజిన్‌లో కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ రెండూ ఎడమ వైపునే ఉండటం వల్ల, కుడివైపు స్టీరింగ్ ఉన్న బ్రిటిష్ కారులో కాలమ్‌కు కావలసినంత చోటుంది. కొత్త ఇంజిన్లన్నీ క్రాస్‌ఫ్లో రకాలు, ఒకవైపు ఇన్‌లెట్, మరోవైపు ఎగ్జాస్ట్. ఏదో ఒకటి కాలమ్ పక్కన ఇరుక్కోక తప్పదు. ముందు సస్పెన్షన్ క్రాస్‌మెంబర్ ఇంజిన్ కిందుగా అడ్డంగా వెళ్తుంది కనుక సంపు ఆకారం దానికి సరిపోవాలి. పాత ఎస్‌యూ పంపు ఇచ్చే ఇంధన పీడనం మూడు పీఎస్‌ఐ మాత్రమే, ఇంజెక్షన్‌కు నలభై దాటాలి; కాబట్టి కొత్త పంపు, గట్టి గొట్టాలు, ట్యాంకుకు తిరిగి వెళ్ళే దారి అన్నీ వేయాలి. ఇమ్మొబిలైజర్ ఉన్న ఈసీయూ పాత కారులో మొరాయిస్తే విడిగా ప్రోగ్రాం చేసే ఈసీయూ కొనవలసి వస్తుంది, దాన్ని ట్యూన్ చేసేవారు కూడా అవసరమవుతారు. 'బిగిస్తే చాలు' అని ప్రకటించే కిట్ల ధర చూసి మురిసిపోయే ముందు ఈ జాబితాలో ఎన్ని ఆ కిట్‌లో ఉన్నాయో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

స్వభావం విషయంలో కూడా ఒక మాట. బి-సిరీస్ ఇంజిన్ తక్కువ వేగంలోనే లాగుతుంది, గరిష్ఠ టార్క్ 3,000 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. కొత్త ఇంజిన్లు తమ ఉత్సాహాన్ని అంతకంటే చాలా పైన చూపిస్తాయి. కారు వేగవంతమవుతుంది గానీ దాన్ని నడిపే తీరు మారిపోతుంది. కొందరికి అదే ఆనందం, కొందరికి అదే లోటు.

అమెరికాలో ఉన్నవారికి జీఎం వారి 60 డిగ్రీల వీ6, ముఖ్యంగా కమారోలో వచ్చిన 3.4 లీటర్ల రకం, టీ5 గేర్‌బాక్సుతో కలిపి చవకగా దొరికే చక్కటి ప్రత్యామ్నాయం. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి కొలతలన్నీ మళ్ళీ వేసుకోవాలి. ఫోర్డ్ 302 వీ8 పెట్టేవారూ ఉన్నారు. ఆ పోతయినుప బరువు ఎంజీసీని గుర్తు చేస్తుంది, దాన్ని నేను ఎంచుకోను.

విద్యుత్ మార్గం

దీని మీద ఆసక్తి పెరుగుతోంది, అయోమయం కూడా. మొదటి తరం నిస్సాన్ లీఫ్ మోటారు 80 కిలోవాట్లది, అంటే 107 హెచ్‌పీ. టార్క్ 280 న్యూటన్-మీటర్లు, అదీ మొదటి క్షణం నుంచే. అసలు ఇంజిన్ కంటే అన్ని విధాలా ఎక్కువ. చిక్కంతా బ్యాటరీతోనే. 24 కిలోవాట్-అవర్ల లీఫ్ బ్యాటరీ ప్యాక్ మొత్తంగా 300 కిలోలకు దగ్గరగా తూగుతుంది; దాన్ని విప్పి అందులోని 48 మాడ్యూళ్ళను ఇంజిన్ గదిలో కొన్ని, డిక్కీలో కొన్ని సర్దుతారు. ఆ బ్యాటరీతో కొత్తలో లీఫ్ కారుకే అమెరికా అధికారిక పరీక్షలో 73 మైళ్ళు వచ్చింది. టాప్ తీసి తిరిగే పాత రోడ్‌స్టర్‌లో, వాడిన బ్యాటరీతో అంతకంటే ఎక్కువ ఆశించకపోవడమే మంచిది. పెద్ద బ్యాటరీ పెడితే దూరం పెరుగుతుంది, దాంతోపాటు బరువూ ఖర్చూ పెరుగుతాయి. దాదాపు 360 వోల్టుల వ్యవస్థ కాబట్టి ఇది ఇంటి షెడ్డులో స్వయంగా నేర్చుకుంటూ చేసే పని కాదు. బ్లాకు పగిలిపోయి, అసలు ఇంజిన్ ఎప్పుడో పోయి, ఊళ్ళోనే తిరగడానికి కారు కావాలన్నవారికి ఇది యోగ్యమైన దారి. అసలు ఇంజిన్ బాగున్న కారుకు ఈ పని చేయించడం నాకు సమ్మతం కాదు.

చట్టం, బీమా, విలువ

బ్రిటన్‌లో ఇంజిన్ మారిస్తే కొత్త ఇంజిన్ నంబరు, సీసీ, ఇంధన రకం అక్కడి వాహన నమోదు సంస్థ డీవీఎల్‌ఏకు తెలియజేయాలి. నలభై ఏళ్ళు దాటిన కారుకు ఎంఓటీ అనే వార్షిక రోడ్డు యోగ్యత పరీక్ష నుంచి మినహాయింపు ఉంది గానీ, గత ముప్పై ఏళ్ళలో గణనీయమైన మార్పులు చేసిన వాహనాలకు అది వర్తించదు. అదే మూల ఇంజిన్‌లో వేరే సీసీ రకాన్నో, ఆ మోడల్‌కు తయారీదారే ఇచ్చిన ప్రత్యామ్నాయ ఇంజిన్‌నో వాడితే అది గణనీయమైన మార్పు కిందికి రాదని మార్గదర్శకాలు చెబుతున్నాయి; సిలిండర్ల సంఖ్య మారితే అనుమానం మొదలవుతుంది. ఈ లెక్కన జీటీలో రోవర్ వీ8 పెట్టినవారికి వాదించుకోవడానికి గట్టి ఆధారం ఉంది, మాజ్దా పెట్టినవారికి లేదు. మినహాయింపు ఉన్నా లేకున్నా, శక్తి పెంచిన కారును ఏటా పరీక్షకు తీసుకెళ్ళడమే భద్రత. బీమా సంస్థకు ప్రతి మార్పూ ముందే చెప్పి, కారు విలువను ఒప్పంద పద్ధతిలో రాయించుకోవాలి.

కాలిఫోర్నియాలో 1975 వరకు వచ్చిన కార్లకు స్మాగ్ (కాలుష్య) పరీక్ష లేదు, 1976 నుంచి వచ్చినవాటికి ఉంది. ఆ తర్వాతి కారులో ఇంజిన్ మార్చాలంటే కారు సంవత్సరానిదో అంతకంటే కొత్తదో అయిన ఇంజిన్‌ను దాని కాలుష్య నియంత్రణ సామగ్రి మొత్తంతో సహా పెట్టి స్మాగ్ పరీక్షల రెఫరీ వద్ద ఆమోదం పొందాలి. అక్కడ ఉద్యోగాలు చేస్తూ ఇలాంటి కారు కొనాలనుకునే మనవాళ్ళు 1975 లేదా అంతకు ముందరిది వెతుక్కోవడం ఒక్కటే ఎన్నో తలనొప్పులను తప్పిస్తుంది.

మనదేశంలోనైతే నా సలహా సూటిగా ఉంటుంది: ఇంజిన్ మార్చవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌టీఓ అనుమతి లేకుండా ఇంజిన్ మార్చడం చెల్లదు. అంతకు మించి, 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద యాభై ఏళ్ళు దాటిన కారుకు ప్రత్యేక 'వీఏ' నంబరు ఇచ్చేది అది అసలు రూపంలో ఉన్నప్పుడే. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పు జరిగితే ఆ అర్హత పోతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎంజీబీ ఉన్నవారు విడిభాగాలు ఇంగ్లండ్ నుంచి తెప్పించుకుని బి-సిరీస్‌నే బాగుచేయించుకోవడం అన్ని విధాలా లాభం.

విలువ గురించి ట్రయంఫ్ స్టాగ్ కథ గుర్తుంచుకోదగింది. 1970లో వచ్చిన ఆ కారులోని 2997 సీసీ వీ8 మాటిమాటికీ వేడెక్కిపోతుందని విసిగి ఎందరో యజమానులు దాన్ని తీసేసి రోవర్ వీ8నో ఫోర్డ్ వీ6నో పెట్టుకున్నారు. తర్వాత కాలంలో నిపుణులు ఆ జబ్బుకు మందు కనిపెట్టారు. ఇప్పుడు కొనేవారు అసలు ఇంజిన్ ఉన్న స్టాగ్ కోసమే ముందుగా వెతుకుతున్నారు. నాడు తీసేసిన ఇంజిన్లను పాత ఇనుము కింద అమ్మేసినవారికి వెనక్కి వెళ్ళే దారి లేకపోయింది.

కాబట్టి ఏ మార్పిడి చేయించినా, తీసిన ఇంజిన్ మీదేనని, గేర్‌బాక్సు, కార్బురేటర్లు, మౌంటింగులతో సహా తిరిగి ఇవ్వాలని వర్క్‌షాపుతో పని మొదలుకాక ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఇంటికి వచ్చాక ప్లగ్ రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, పోర్టులన్నీ మూసి, తడి తగలని చోట చెక్క దిమ్మెల మీద ఉంచాలి. బ్లాకు మీద బిగించిన ఇంజిన్ నంబరు రేకు ఊడి పోకుండా, రిజిస్ట్రేషన్ పాత పత్రం నకలుతో కలిపి ఆ నంబరు ఫొటో తీసి దాచుకోవాలి.